చిన్న గళ్ళు

కాకినాడలో ఇప్పుడు ఇంటికో మాట్లాడే లెక్కల పెట్టె ఉంది. అది పెద్ద లెక్క అందుకుంటే ఇంటి కరెంటంతా దానికే పోతుంది.

"నీలా, మళ్ళీ గ్రైండరు ఆగిపోయిందే!" వంటింట్లోంచి అత్తగారు అరిచింది.

నీలవేణి పళ్ళు నూరింది. ఓడ సముద్రం అడుగుకి కరెంటు పంపి పట్టుకొచ్చిన కొలతలు ఆమె ముందున్నాయి. ఆ అడుగుని గళ్ళుగా విడగొట్టి, కింద ఏముందో లెక్క కట్టాలి. గళ్ళెంత చిన్నవైతే లెక్క అంత పెద్దది.

"పెద్ద గళ్ళు చాలు, ప్రమాదం లేదు," అంది పెట్టె మళ్ళీ.

"తగిలితే పేలే గ్యాసు గుంట వీధంత గడిలో దాక్కుంటే నీకేం తెలుస్తుందే, మొద్దూ?"

నీలవేణి పైనున్న నీళ్ళకి పెద్ద గళ్ళే వదిలేసి, అడుగున మాత్రం చిన్నవి పెట్టింది. ఇంట్లో ఫ్యాను కూడా ఆగిపోయింది.

"నీ గళ్ళ కోసం నా పప్పు నానుతూ కూర్చోవాలా?"

"మధ్యాహ్నం అక్కడ డ్రిల్లింగ్ మొదలుపెట్టేది మీ అబ్బాయే అత్తయ్యా!"

వంటింట్లో రుబ్బురోలు తిరుగుతున్న చప్పుడు మొదలైంది.

పటం తేలింది. సరిగ్గా డ్రిల్లు దిగే చోటే గ్యాసు గుంట. నీలవేణి ఫోనందుకుని, "ఏవండీ, ఆపెయ్యండి!" అని కేకేసింది.

అత్తగారు పిండి చేతులతో గుమ్మంలోకి వచ్చింది. "ఆపాడా?"

"ఆపారు."

"మరింకేం, నా గ్రైండరుకి కరెంటు వదులు."