నాలుగో చాయ్

“మూడు చాయ్‌లైనయ్ లస్మవ్వా, ఇంక వద్దు,” అన్నాడు వేణుమాధవ్. గోదావరిఖని రోడ్డు పక్కన సఫాయి కార్మికుల సమ్మె టెంటుకు, మున్సిపాలిటీ తరఫున చర్చలకు వచ్చిన అధికారి అతను.

“ఇంటికొచ్చినోళ్లకు మర్యాద చెయ్యాలె గద సారూ, తాగుర్రి,” అంది సమ్మె నడిపిస్తున్న లస్మవ్వ.

“మీ మిగతా డిమాండ్లన్నీ ఒప్పుకున్న. హాజరు వేసే కాడ ఆడోళ్లకు బాత్రూం ఎందుకు? డ్యూటీ అయ్యేదాక ఓర్చుకోరాదా?”

నాలుగో చాయ్ తాగాక అతను గొంతు తగ్గించాడు. “ఇక్కడ... బాత్రూం ఎక్కడుంది?”

ఆడవాళ్లంతా నోటికి కొంగులు అడ్డం పెట్టుకున్నారు. లస్మవ్వ నవ్వలేదు.

“గా ఎదురింటి పచ్చ గేటు కొట్టుర్రి. చీపుర్లు పట్టుకొని మేం పోతే తియ్యరు. మీకు తీస్తరు. జల్ది పోయిరార్రి.”

తిరిగొచ్చిన వేణుమాధవ్ కుర్చీలో కూర్చోలేదు.

“ఎక్కడ కట్టాల్నో చూపెట్టవ్వా,” అన్నాడు.