మంచం అడిగిన అనుమతి

ఇంట్లోని ప్రతి వస్తువూ వినడం, చెప్పడం నేర్చిన కాలమది. ఏది బయటికి కబురు పంపాలన్నా ఇంటి కంప్యూటర్‌లో కాపలా ఉండే ఫైర్‌వాల్ ముందుగా అడిగేది. జనం చదవకుండానే ‘సరే’ నొక్కేవారు. కరీంనగర్‌లో ఉండే స్వరూప మాత్రం ఆ ఉదయం ఆగి చదివింది.

“మీ మంచం రాత్రి విన్న దగ్గును మిల్లుకు పంపాలంటోంది. పంపనివ్వాలా?”

ఆ దగ్గు ఆమె భర్త ఓదెలుది. తెలిస్తే మిల్లువాళ్లు పనిలోంచి తీసేస్తారు. ఆమె ‘వద్దు’ నొక్కింది. వెంటనే ఫ్యాను ఆగిపోయింది.

“సరే అని నొక్కు స్వరూపా. అన్నీ ఒక్క కంపెనీవే, బంద్ పెడతయి,” అన్నాడు ఓదెలు.

“పెట్టనియ్యి. నీ దగ్గు నీది. ఊరంత చెప్పతందుకు మంచమెవ్వతి?”

ఫైర్‌వాల్ మళ్లీ అడిగింది. ఆమె మళ్లీ వద్దంది. ఫ్రిజ్ ఆగింది, కుక్కర్ చల్లబడింది. స్వరూప వాకిట్లో మూడు రాళ్లు పెట్టి పొయ్యి రాజేసింది.

పొగ చూసి పక్కింటి రాజవ్వ వచ్చింది. సంగతంతా విని తన ఇంట్లోకి వెళ్లింది. కాసేపటికి బియ్యం గిన్నెతో తిరిగొచ్చి పొయ్యి దగ్గర కూర్చుంది.

“మా ఇంట్ల గూడ అన్నీ బందయినయి,” అంది తృప్తిగా.