శభాష్ పడిన చోటు

ఇప్పుడు పాత పాటల టేపులన్నిటికీ స్వరం రాసిపెట్టేది యంత్రమే. పాట మధ్యలో మాటలు వినబడితే తీసేసి, అక్కడ విరామం గుర్తు పెడుతుంది. పాడేవాళ్లంతా ఆ గుర్తు దగ్గర బుద్ధిగా ఆగుతారు.

గురువుగారి పాఠాల టేపులకు యంత్రం రాసింది సరిచూస్తున్న హైమవతికి ఒళ్లు మండిపోయింది. తోటి శిష్యురాలు వకుళ పాటనిండా విరామాలే. అవన్నీ గురువుగారు "శభాష్" అన్న చోట్లు. తన పాటలో ఒక్కటీ లేదు.

"వకుళగారు ఎంత అందంగా ఆగారో అత్తయ్యా!" అంది కోడలు, చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ తెర మీది స్వరాలు చూసి.

"ఆగింది, దాని మొహం!"

అన్నీ చెరిపేద్దామనుకుంది. కానీ గురువుగారి మాట చెరపడానికి చేతులు రాలేదు. తన పాట తెరిచి, పల్లవి చివర ఒక్క విరామం పెట్టుకుంది.

"ఇక్కడ ఆయనేమీ అనలేదండీ," అంది యంత్రం.

"అనాల్సింది," అంది హైమవతి.