వీధంతా వలస

దర్జీ ఇంటి ట్రంకుపెట్టెకు తాళం బిగిస్తూనే, తాళాల తమ్ముడు దాని మూడో తాళంచెవిని ఎవరూ చూడకుండా రొంటిన దోపుకున్నాడు. పెట్టె సముద్రం దాటాక తీరిగ్గా తెరుద్దామని అతని ఆలోచన.

ఆ వీధిలో అతను అందరికీ తమ్ముడే. ప్రతి గుమ్మానికీ, ప్రతి బీరువాకూ అతని కొట్టు తాళమే. ఇంటివాళ్ళకు ఇచ్చే చెవులు రెండైతే అతను చేసేవి మూడు. అలాగని మరీ పచ్చిదొంగ కాడు, ఒక పద్ధతి ఉంది. ఏ ఇంటినీ ఊడ్చేసింది లేదు. ఒకరింట్లో ఉంగరం, మరొకరింట్లో వెండి గ్లాసు. పోయిందో, తామే ఎక్కడైనా పెట్టి మరిచారో వాళ్ళకే తేలకూడదు. తేలక వాళ్ళు కొత్త తాళం కోసం మళ్ళీ అతని దగ్గరికే వచ్చేవాళ్ళు. రోజులు బాగాలేవని అతనూ వాళ్ళతో కలిసి నిట్టూర్చేవాడు.

వీధి కూడా అందుకు తగ్గదే, మొహమాటానికి పుట్టినిల్లు. అతనికి నిచ్చెన ఎరువిచ్చిన బ్యాంకు గుమస్తా, తిరిగిమ్మని అడగడానికి నోరు రాక కొత్త నిచ్చెన కొనుక్కున్నాడు. ఇంతకన్నా మంచి వీధి ఏ దొంగకు దొరుకుతుంది?

అలాంటి వీధికి పరాయి దేశం పిచ్చి పట్టింది. ముందు గుమస్తా వెళ్ళాడు, జీతం ఎక్కువన్నాడు. తర్వాత పంతులమ్మ వెళ్ళింది, పిల్లల చదువులంది. డాక్టరుగారు అక్కడ గాలి శుభ్రమన్నాడు. పోవడం కూడా అందరూ ఆ ఒక్క దేశానికే, అందులో ఆ ఒక్క ఊరికే. ఆఖరికి మూలింటి ముసలమ్మ కూడా. ఒక మధ్యాహ్నం తమ్ముడు ఆమె బీరువాలో చెయ్యి పెట్టి ఉండగా, ఆవిడ మంచం మీద దగ్గి, కళ్ళు తెరిచి, అటు తిరిగి ముసుగు పెట్టుకుంది. నిద్రంటే అదీ అనుకున్నాడతను. నెల తిరక్కుండా ఆవిడా విమానం ఎక్కేసింది. మోకాళ్ళ నొప్పులకు మంచు దేశం మంచిదని చెప్పింది.

తమ్ముడికి ఒళ్ళు మండిపోయింది. దూరపు కొండలు నునుపని తెలియని పసివాళ్ళా వీళ్ళు? ఉన్న ఊళ్ళో ఏం తక్కువైందని? ఖాళీ ఇళ్ళకు తాళాలు కొనేదెవరు, ఖాళీ బీరువాలు తెరిచి అతను చేసేదేమిటి? చూస్తుండగానే అతని పొయ్యిలో పిల్లి పడుకుంది.

అప్పుడు తట్టింది ఉపాయం. అక్కడా ఇళ్ళకు తలుపులుంటాయి. పరాయి దేశంలో మనవాడి తాళం దొరికితే ఎవరు వదులుకుంటారు? పైగా ఎవరు పప్పుడబ్బాలో దాస్తారో, ఎవరు దిండు గలీబులో దాస్తారో ఇన్నేళ్ళుగా నేర్చుకున్న చదువు వృథా పోకూడదు. తాళాల పనివాళ్ళు కావాలని ఆ దేశం పిలుస్తోందని తెలిసి దరఖాస్తు పెట్టాడు. అనుమతి వచ్చింది. పని పూర్తయ్యేదాకా ఎవరి చెవినా వెయ్యలేదు.

ఇక వీధిలో మిగిలింది దర్జీ కుటుంబమే. వాళ్ళ ప్రయాణం రేపు.

"ఇంతకీ నువ్వెందుకు వెళ్తున్నావన్నయ్యా?" అన్నాడు తాళం లాగి చూస్తూ.

దర్జీ పెళ్ళాం వంక చూశాడు. "అదే... అక్కడ కుట్టుపనికి గిరాకీ బాగుందట."

"అక్కడంతా రెడీమేడేనని మొన్న నువ్వే అన్నావుగా?"

"రెడీమేడ్ చొక్కాలకే బొత్తాలు తొందరగా ఊడతాయి మరిదీ" అంది వదిన, కొంగుతో కళ్ళొత్తుకుంటూ.

దర్జీ కుట్టుమిషన్ను పాత దుప్పట్లో చుడుతున్నాడు. చుట్టినవాడే మళ్ళీ విప్పి దాని చక్రాన్ని ఓసారి నిమిరాడు. వదిన ఊడ్చిన గదినే మళ్ళీ ఊడుస్తోంది. ఇంత ఇష్టం లేనివాళ్ళను ఎవరు తరుముతున్నారో తమ్ముడికి అంతు చిక్కలేదు. ఎంత దొంగైనా మనిషే కదా, మనసు కరిగిపోయింది.

"ఊరుకో వదినా. అక్కడ మీరు ఒంటరివాళ్ళేం కారు. నేనూ వచ్చేస్తున్నాను."

వదిన చేతిలో చీపురు ఆగిపోయింది.

"ఎక్కడికి?" అన్నాడు దర్జీ.

"మీరు వెళ్ళే ఊరికే. వచ్చేవారమే ప్రయాణం. కొట్టు అమ్మేశాను, ఇల్లు కూడా ఖాళీ చేసేశాను."

"చూసి రావడానికా, ఉండిపోవడానికా?"

"ఉండిపోవడానికే. మీరందరూ అక్కడుంటే ఇక్కడ నాకెవరున్నారన్నయ్యా?"

మనసు మార్చుకోవు కదా అని దర్జీ తిప్పి తిప్పి అడిగాడు. మార్చుకోనని తమ్ముడు వదిన చేతిలో చెయ్యేసి ఒట్టు పెట్టాడు. అప్పుడు దర్జీ అతన్ని గట్టిగా కౌగిలించుకున్నాడు. భుజం మీద వెచ్చగా కన్నీళ్ళు పడ్డాయి. రక్తసంబంధం లేకపోతేనేం, ఎంత ప్రేమ అనుకుని తమ్ముడు తనూ ముక్కు చీదుకున్నాడు.

తమ్ముడు గడప దాటి వెళ్ళగానే దర్జీ కళ్ళు తుడుచుకుని, మూటల తాళ్ళు ఒక్కొక్కటే కత్తెరతో తెగ్గోస్తూ పెళ్ళాన్ని కేకేశాడు.

"ఏమేవ్, తమ్ముడే వెళ్ళిపోతున్నాడట, ఇంక మనం పోవడం దేనికి? పంతులమ్మకు ఫోన్ చెయ్యి, తమ్ముడు అక్కడ దిగేలోపు మనవాళ్ళందర్నీ వెంటబెట్టుకుని ఇంటికొచ్చెయ్యమను."