పసుపు తూటా

“పన్నెండు బోరు తుపాకితో కొడితే ఉడత మిగలదు, తోక మిగులుతుంది,” అంది డెల్మా. “పోయిన ఆదివారం పాస్టరుగారు ఉడత పులుసు తింటూ ఆరు సీసపు గుళ్లు పళ్లెం అంచున పేర్చాడు. ఇవాళ మళ్లీ వస్తున్నాడు. నా ఇరవై బోరు పట్టుకెళ్లు.”

“ఆ సన్నగొట్టం ఆడాళ్లకి,” అన్నాడు ఆమె మొగుడు ఓర్బిన్, బూట్ల తాళ్లు బిగించుకుంటూ. “దాన్ని భుజానేసుకుని కొండెక్కితే వాగవతల ఎస్కో నవ్వి చస్తాడు.”

“నవ్వనీ. ఊడేవి వాడి పళ్లు కాదుగా, పాస్టరుగారివి!”

ఓర్బిన్ రెండో బూటు అందుకున్నాడు. అతనికి చెవులు అంతంతమాత్రం. నచ్చని మాటకి మరీను.

డెల్మా కోళ్ల గూట్లో గుడ్లు ఏరుకుని వచ్చేసరికి మనిషి లేడు. రెండు తుపాకులూ ఒకే అచ్చు, ఒకే కర్ర. తేడా తెలియాలని ఆమే గుడ్డ తొడుగులు కుట్టింది, పన్నెండుకి ఎర్రది, ఇరవైకి పసుపు పూలది. గోడకి ఎర్ర తొడుగు లేదు. పూల తొడుగు నిండుగా వేలాడుతోంది.

బల్ల మీద తూటాలు చిందరవందరగా ఉన్నాయి. ఎర్రవి లెక్కకి సరిగ్గా ఉన్నాయి. పసుపువి నాలుగు తక్కువ.

డెల్మా ఇంకోసారి లెక్కపెట్టింది. నాలుగే.

ఎర్రవి పన్నెండు బోరువి, పసుపువి ఇరవైవి. బోరు అంకె పెరిగేకొద్దీ తూటా సన్నం. ఎర్ర తూటా ఇరవై బోరులో దూరనే దూరదు. పసుపుది పన్నెండులో వేస్తే మాత్రం జారిపోయి గొట్టం లోపల ఇరుక్కుంటుంది. మీట నొక్కితే టిక్కుమంటుంది, అంతే. తూటా పెట్టడం మరిచానేమో అనుకుంటాడు మనిషి. తెరిచి చూస్తాడు, తూటా పెట్టేచోట ఖాళీ. దాని వెనకాల ఎర్రది పెట్టి మళ్లీ నొక్కుతాడు. అప్పుడు పగిలేది ఉడత కాదు, గొట్టం. మొహం పక్కనే.

ఓర్బిన్ కోటు జేబులో ఎర్రవి ఎప్పుడూ రెండు మూడు ఉంటాయి.

“ఓర్బిన్! ఓయ్ ఓర్బిన్!”

వసారాలోంచి గొంతు చించుకుని అరిచింది. కొండ మీద మంచు దట్టంగా ఉంది. ఆ మంచు అరుపుని మింగేసింది. చెవులు బాగున్నవాడికే వినపడదు, ఇక ఆయనకేం వినపడుతుంది?

ఢాం!

శిఖరం వైపు నుంచి ఒక్కటే పేలింది. తర్వాత చప్పుడు లేదు. పేలింది తూటానా, గొట్టమా? ఇంకొకటి పేలుతుందేమోనని చెవులు రిక్కించింది. ఒక కాకి మాత్రం అరిచి ఊరుకుంది.

“దేవుడా, దేవుడా...”

ఆ మోకాళ్లతో ఆమె కొండెక్కలేదు. ఎస్కోని పిలవాలి. ఆ కెంటకీ కొండల్లో వరసగా మూడుసార్లు గాల్లోకి కాలిస్తే, ఎక్కడున్నవాళ్లయినా చేతిలో పని వదిలేసి పరిగెత్తుకొస్తారు. బల్ల మీది తూటాలన్నీ ఆప్రాన్‌లోకి ఊడ్చుకుంది. పూల తొడుగు లాగి పారేసి తుపాకి అందుకుంది. చేతికి బరువనిపించింది. భయంతో ఒంట్లో సత్తువ పోయింది అనుకుంది.

వసారాలో నిలబడి తుపాకి నడుం వంచి తెరిచింది. పసుపు తూటా ఒకటి వేసి మూసింది. గాల్లోకి ఎత్తి మీట నొక్కింది.

టిక్.

“తూటా పెట్టనే లేదా, పిచ్చిమొహందానా!” అని తనని తనే తిట్టుకుంది. మళ్లీ తెరిచింది. తూటా పెట్టేచోట ఖాళీ. చూపు శిఖరం మీదే ఉంది. ఆప్రాన్‌లో తడుముకుని, దొరికిన తూటా గొట్టంలో నెట్టి మూసింది. తుపాకి ఎత్తింది. వేలు మీట మీదికి పోయింది.

“ఆగాగు! ఎవర్నే కాలుస్తున్నావు?”

మంచులోంచి ఓర్బిన్ వస్తున్నాడు. రెండు కళ్లూ ఉన్నాయి, పది వేళ్లూ ఉన్నాయి. ఒక చేతిలో బలిసిన ఉడత. భుజాన ఎర్ర తొడుగులో తుపాకి.

డెల్మా ఎత్తిన తుపాకి ఎత్తినట్టే ఉంది.

“నవ్వనని ఒట్టెయ్యి ముందు,” అన్నాడు ఓర్బిన్, మెట్టు దగ్గర ఆగి తల గోక్కుంటూ. “ఒక్కటి పడగానే నీకు చూపిద్దామని దిగొచ్చా. తలకి రెండు గుళ్లు తగిలాయి, ఒంట్లో ఒక్కటి లేదు. నీ మాటే నిజం. ఎస్కోగాడి కంట పడకుండా నీ ఇరవైని నా ఎర్ర తొడుగులో పెట్టి తీసుకెళ్లా. నాదేమో నీ పూల తొడుగులో ఉంది.”

డెల్మా వేలు మెల్లగా మీట మీంచి తీసింది. తుపాకి దించి, నడుం వంచింది.

ఎర్ర తూటా ఆమె అరచేతిలో పడింది. గొట్టం లోతున, పసుపు తూటా ఇత్తడి అడుగు మెరుస్తోంది.