కళ్ళా, పళ్ళా?

“కళ్ళే పెట్టు,” అన్నాడు బుజ్జిబాబు, జంతిక కొరుకుతూ.

శ్రావణి ఫోన్లోంచి తలెత్తి మొగుడి వంక చూసింది. పంటినొప్పని సెలవు పెట్టి ఇంట్లో కూర్చున్న మనిషి జంతికలు కరకరలాడించడం ఒక వింత. అంత పంటినొప్పితోనూ పళ్ళొద్దు, కళ్ళే కావాలనడం ఇంకో వింత.

ఊరి పక్కన హిజ్లీలో ఆమె పనిచేసే కంపెనీ ఈ ఏడాది ఇన్సూరెన్సుకి చిన్న కొసరు వేసింది. ఇంటిల్లిపాదికీ కంటి వైద్యం కావాలా, పంటి వైద్యం కావాలా? రెండింట్లో ఒక్కటే. ఇవాళ సాయంత్రంలోగా చెప్పేయాలి.

నిజానికి ఇందులో తేల్చుకోవడానికేముంది? బుజ్జిబాబు లోకో పైలట్. అతనికీ, శ్రావణికీ, కూతురు పూజకీ రైల్వే ఆస్పత్రి ఉండనే ఉంది. ఆ ఆస్పత్రి కార్డులో చోటు లేనిది శ్రావణి తల్లి దాలమ్మకే. పాపం ఆవిడ నోట్లో ఒక్క పన్ను లేదు. గంజితోనే కాలక్షేపం. పళ్ళసెట్టు కట్టిస్తానని శ్రావణి ఎప్పుడో మాటిచ్చింది. ఇన్నాళ్ళకి దారి దొరికిందని సంబరపడుతుంటే, ఈయనగారి మెలిక.

“ఏటండి మీరనేది? అమ్మకి పళ్ళు కట్టించొద్దా?”

“కట్టిద్దాంలే, మెల్లిగా.”

“మరి కళ్ళెవరికి? మీకా? కళ్ళు బాగున్నాయని రైల్వే డాక్టరు రాసిస్తేనే గదా మిమ్మల్ని ఇంజనెక్కనిచ్చేది!”

“నాకు కాదే, పూజకి. ఎప్పుడు సూసినా ఫోన్లోనే ఉంటాది.”

“దాన్ని మొన్ననే ఆస్పత్రిలో సూపించినాం. ఏ లోపమూ లేదన్నారు.”

బుజ్జిబాబు నీళ్ళు నమిలాడు. “అయితే మీ అమ్మకి.”

“అమ్మ బియ్యంలో రాళ్ళేరతాది. ఆ అన్నం నమలడానికే పళ్ళు లేవు!”

వంటింట్లోంచి దాలమ్మ గొంతు వినిపించింది. “నా గురించి తగువెందుకే అమ్మా? బాబు సెప్పినట్టే కానీ. పళ్ళు లేకపోతే ఏటి, మాటలాడతన్నాను గదా.”

బుజ్జిబాబు తలొంచుకున్నాడు.

శ్రావణికి అదే అంతుపట్టలేదు. అత్తంటే ఇతనికి పడదా అంటే, అదీ కాదు. మెత్తగా ఉంటుందని గోల్‌బజార్ వెళ్ళినప్పుడల్లా ఆవిడ కోసం సందేశ్ మిఠాయి తెస్తాడు. అడక్కుండానే పాలలో నానబెట్టి ఇస్తాడు. అలాంటివాడు తీరా పళ్ళు పెట్టించే వేళకి ఎందుకిలా మొండికేస్తున్నట్టు?

“ఈ ఇన్సూరెన్సుతో బయట డాక్టరు దగ్గరికి పోవచ్చా? కోల్‌కతాలో?” అని ఉన్నట్టుండి అడిగాడు.

“పోవచ్చు. రైల్వే ఆస్పత్రి ఊళ్ళో పెట్టుకుని కోల్‌కతా ఎందుకండి?”

 బుజ్జిబాబు చేతిలో జంతిక పళ్ళెంలో పెట్టేశాడు.

 శ్రావణికి అర్థం కానిదంతా కాసేపటికి కోపంగా మారింది. కూతురూ కాదు, పెళ్ళామూ కాదు, అత్తా కాదు. మరి ఎవరికోసం ఈ పట్టు? ఈయనకి అత్తగారి నోరు బాగుపడటం ఇష్టం లేదు, అంతే! ఆ సందేశ్‌లన్నీ పైపై ప్రేమలే!  కళ్ళనిండా నీళ్ళతో ‘పళ్ళు’ అన్నచోట నొక్కేసింది.

“నొక్కేసినాను. ఇంక మార్చడానికి లేదు. అరవాలంటే అరవండి.”

అతను అరవలేదు. రుసరుసలాడుతూ బయటికీ పోలేదు. ఆమె చేతిలోని ఫోన్ వంక చూశాడు.

“మంచి పని సేసినావు. పాపం, అత్త కడుపునిండా తింటాది,” అన్నాడు.

 తిడితే బాగుండేదనిపించింది శ్రావణికి.

బుజ్జిబాబు లేచి ఆమె చెయ్యి పట్టుకుని పెరటి వరండాలోకి తీసుకెళ్ళాడు. వంటింటి తలుపు దగ్గరగా వేశాడు. గోడ అవతల రైల్వే యార్డులో సిగ్నలు దగ్గర గూడ్సుబండి ఒకటి నిలబడి ఉంది. పూజ పక్కింట్లో ఆడుకుంటున్న చప్పుడు వినిపిస్తోంది.  బుజ్జిబాబు కళ్ళు చికిలించి పట్టాల వైపు చూశాడు. దాలమ్మకి వినపడకుండా గొంతు తగ్గించి అడిగాడు.

“శ్రావణీ, ఆ సిగ్నలు ఎరుపా, పసుపా?”