ఇరవయ్యో గుడ్డు

“పదమూడు!” బాల్కనీలోంచి కేక వినిపించింది.

ఆమె కుట్టుమిషను ఆపకుండానే, “మెల్లగా అరవండి! లాటరీ తగిలిందనుకుని పక్కింటివాళ్ళు పరిగెత్తుకొస్తారు,” అంది.

ఆమె భర్త గుడ్డును రెండు అరచేతుల మధ్య పెట్టుకుని లోపలికొచ్చాడు. మెడలో ఆఫీసు కార్డు వేలాడుతోంది. ఒక కాలికే సాక్సు ఉంది.

“ఇంకా వెచ్చగా ఉంది, పట్టుకుని చూడు.”

“నాకొద్దు బాబూ. ఆ కంపు నాకు పడదు. మీ మహారాణి, మీ గుడ్డు, మీరు.”

అతను గోడమీది క్యాలెండరులో ఆ రోజు గడికి సున్నా చుట్టాడు. ఇంకా ఏడు కావాలి.

ఫోన్లో ఫిర్యాదులు వినే కంపెనీలో అతనిది పదకొండేళ్ళ ఉద్యోగం. పొద్దున తొమ్మిదికి హెడ్‌సెట్ తగిలించుకుంటే సాయంత్రం ఆరుదాకా ఊళ్ళోవాళ్ళ తిట్లన్నీ అతనికే. ఫ్రిజ్ చల్లబడకపోయినా, వాషింగ్ మెషిన్ గంతులేసినా తప్పు అతనిదే. అందుకే ఊరి చివర పెరడున్న చిన్న ఇల్లు ఒకటి చూసి పెట్టుకున్నాడు. కూరగాయలు పండించుకోవాలి, కోళ్ళు పెంచుకోవాలి, ఎవరికీ సారీ చెప్పకుండా బతకాలి. ఈ మాట అతను ఎనిమిదేళ్ళుగా చెబుతున్నాడు. ఆమె ఎనిమిదేళ్ళుగా వింటోంది.

చివరికి ఒకరోజు విసుగొచ్చి పందెం కట్టింది.

“కుండీలో ఒక్క మొక్కని బతికించలేనివారు కోళ్ళు పెంచుతారా? సరే, ముందు ఒక్కదాన్ని పెంచండి. అది ఇరవై గుడ్లు పెట్టిన రోజు రాజీనామా ఇచ్చేయండి, నేను నోరెత్తను. పెట్టకపోతే మాత్రం మళ్ళీ ఆ పెరడు మాట ఈ ఇంట్లో వినపడకూడదు.”

అతను ఆ వారమే వెళ్ళి, బుట్టెడు కోడిపిల్లల్లోంచి ఏరి ఏరి ఒకదాన్ని తెచ్చాడు. దాని నెత్తిమీద ఎర్రటి తురాయి మొలవగానే మహారాణి అని పేరు పెట్టాడు. మహారాణి నెలల తరబడి తిన్నది, నిద్రపోయింది, బాల్కనీ పాడుచేసింది. గుడ్డు మాత్రం పెట్టలేదు. అతను పెరడు మాట ఎత్తడం తగ్గించేశాడు.

ఒక సాయంత్రం అతను సోఫాలో కునికిపాట్లు పడుతుంటే తలుపు గంట మోగింది. ఉలిక్కిపడి లేచి, తలుపు తీసి, “నమస్కారం, మీకు కలిగిన అసౌకర్యానికి చింతిస్తున్నాం,” అన్నాడు. మంచినీళ్ళ క్యాను తెచ్చినవాడు పడీపడీ నవ్వాడు. ఆమెకీ నవ్వొచ్చింది కానీ, భర్తకి నిద్రలో కూడా ఆఫీసు ఫోన్లే మోగుతున్నాయని తోచి ఆగిపోయింది. ఆమె మనసు చివుక్కుమంది.

మర్నాడు పొద్దున మహారాణి మొదటి గుడ్డు పెట్టింది.

అక్కణ్ణుంచి అతన్ని పట్టుకోవడం ఎవరివల్లా కాలేదు. దాణాలో ఏం కలిపితే పెంకు గట్టిపడుతుందో అన్నం తింటూ ఉపన్యాసాలిచ్చేవాడు. ఒక శనివారం గూట్లో రెండు గుడ్లు కనిపించాయి. ఆ సాయంత్రం ఆమె అక్కగారింటికి వెళ్ళింది. ఆదివారం గూడు ఖాళీ.

“చూశావా దాని క్రమశిక్షణ?” ఆమె తిరిగి రాగానే అన్నాడు. “ఆదివారం సెలవని శనివారమే రెండు పెట్టేసింది.”

“ఏం గొప్ప? మా అక్కింటికి వెళ్ళేముందు నేనూ మీకు రెండు రోజులకి సరిపడా వండిపెట్టే వెళ్తాను. నన్నెప్పుడైనా ఇలా మెచ్చుకున్నారా?”

ఇంకోరోజు గుడ్డు పట్టుకోలేనంత వేడిగా ఉంది. “దీనికి జ్వరమొచ్చిందేమో!” అని అతను కంగారుపడ్డాడు.

“కోపమొచ్చి ఉంటుంది. మీ ఉపన్యాసాలు పాపం అదీ వింటోందిగా.”

పద్దెనిమిదో గుడ్డునాటికి మహారాణి గొంతు బొంగురుపోయింది. చలిగాలి తగిలిందని అతను గూటికి గోనెపట్టా కట్టాడు.

ఇరవయ్యో గుడ్డు శుక్రవారం వచ్చింది. అతను సున్నా చుట్టి, కేక వేయకుండా కుర్చీలో కూలబడ్డాడు.

“ఏమైంది? గెలిచారుగా!”

“భయంగా ఉందోయ్. అక్కడ ఏదీ పండకపోతే?”

ఆమె మిషను ఆపింది. “నా మిషను ఎక్కడైనా కుడుతుంది. ఇద్దరం తినేదెంత? పందెం వేసి ఓడిపోయిందాన్ని నేను, మీరెందుకు మొహం వేలాడేస్తారు? వెళ్ళి ఆ కాగితం ఇచ్చి రండి.”

ఇచ్చి వచ్చాడు. ఎందుకు మానేస్తున్నావని సూపర్‌వైజరమ్మ అడిగితే, “మా మహారాణి ఇరవై పెట్టిందండీ,” అని చెప్పాడట. ఆవిడ ఇంకేమీ అడక్కుండా సంతకం పెట్టేసింది. పదకొండేళ్ళుగా వాడని సెలవులన్నీ నోటీసు కింద సరిపోయాయి.

వారం తిరిగేసరికి కుట్టుమిషనుతో సహా సామానంతా ఊరి చివరి ఇంటికి చేరింది. మహారాణి గూడు పెరట్లో పెట్టారు.

మొదటి రోజు తెల్లవారాక అతను కళ్ళు తెరిచేసరికి పక్కన ఆమె లేదు. లేచి కిటికీలోంచి చూశాడు. ఆమె కుడిచెయ్యి కొంగుచాటున పెట్టుకుని, అడుగులో అడుగు వేసుకుంటూ గూటివైపు నడుస్తోంది. కంపు పడదంటూనే దానిమీద ఎంత ముద్దో అనుకుని అతను నవ్వుకున్నాడు.

ఆమె గూటి తలుపు తీసింది. మహారాణి బయటికి దూకి, రెక్కలు టపటపలాడించి, గూడు మీదికెక్కి నిలబడింది.

మెడ సాచి, కొక్కొరొకో అని కూసింది.